లోపలి కంప్యూటర్

"పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ కొత్త సిస్టంలో నడవదు చెల్లీ. అందుకే ఈ కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ పెట్టా. నువ్వు గీసింది గీసినట్టు అవతలి ఊళ్లో మన మరమగ్గాలకు వెళ్లిపోతుంది," అన్నాడు అన్నయ్య, ఆఫీసులో నాకు గది ఇచ్చిన రోజు.

ఇవాళ చెయ్యి తగిలి ఏదో కీ నొక్కుకుపోయింది. తెర నిండా ఉన్న నా కంప్యూటర్ మూలకు ముడుచుకుంది. సెట్టింగులు చూశాను. నెట్‌వర్క్ మొదటి నుంచీ ఆపేసే ఉంది. నా డిజైన్లు గడపే దాటలేదు!

అన్నయ్యను పిలిచి నిలదీశాను.

"నీకూ కాస్త పొద్దుపోతుందని పెట్టా. చిన్నబుచ్చుకోకు."

తెర మీది జాబితాలో నా కంప్యూటర్ పేరు కింద ఇంకొకటి కనిపించింది, ఆపేసి ఉంది. దాని పేరు 'నాన్న'.

పోయేదాకా ఆయన రోజూ భోజనం దగ్గర మురిసిపోయేవారు: "ఇవాళ కూడా మిల్లంతా నా చేతుల మీదుగానే నడిచింది."