గ్లాసుడు బోరు నీళ్లు

ఈ పొద్దున సత్యవేణిగారి గుమ్మం పక్కన జామమొక్క ఆకుల అంచులు మాడి కనిపించాయి. ఉప్పునీళ్లు పోస్తే అలాగే మాడతాయి.

తాగేనీళ్లలో ఉప్పు వల్ల గర్భిణులకు బీపీ పెరుగుతోందా అన్నది నా పీహెచ్‌డీ అంశం. రాజోలు చుట్టుపక్కల ఊళ్లలో తిరుగుతున్నాను. ఆవిడ కోడలు కడుపుతో ఉంది; ఆ అమ్మాయికి బీపీ చూస్తానని, వాళ్ల బోరు నీళ్లు సీసాలో పట్టుకుంటానని అడిగాను.

సత్యవేణిగారు కుర్చీ వేయలేదు. గ్లాసు నిండా నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టారు.

"గుమ్మంలోకొచ్చినోళ్లకి ముందు నీళ్లివ్వాలి కదండీ. తాగండి. సంచిలోంచి కొనుక్కున్న నీళ్ల సీసా తియ్యకండి."

తాగాను. ఉప్పగా ఉన్నా గ్లాసు ఖాళీ చేశాను.

"ఇన్ని రోగాలుండగా మీకు మా ఉప్పునీళ్ల మీదే అంత మోజెందుకండీ?"

పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ప్రొఫెసర్లూ ఇదే అడిగారు. వాళ్లకు చెప్పిందే చెప్పాను: మునుపు చేసిన ప్రాజెక్టు, చదివిన వ్యాసాలు.

"ఆయ్, పుస్తకాల్లో చూసి వచ్చేరన్నమాట." ఆవిడ రోడ్డవతల రొయ్యల చెరువు వైపు చెయ్యి చూపించారు. "అది తవ్వేకే మా బోరు ఉప్పయ్యిందండీ. రాసుకెళ్లేవోళ్లు చాలామంది వచ్చేరు. ఆ చెరువుగలాయన ఇంట్లోవాళ్లు ఎవరైనా ఈ నీళ్లు ఒక్క గ్లాసుడు తాగేక రండి, మా కోడలు చెయ్యి చాపుద్ది. అప్పటిదాకా ఈ గడప తొక్కకండి."

ఖాళీ గ్లాసు అరుగు మీద పెట్టి వచ్చేశాను.

ఆ చెరువు మా నాన్నగారిది.