ఎగిరిపోయిన గద్ద

గట్టు మీద ఫారెస్టు జీపు ఆగేసరికి రైతు విశ్వాసానికి పై ప్రాణాలు పైనే పోయాయి. పొలంలోంచి బయటికి ఉన్న దారి అదొక్కటే. జీపు దానికి అడ్డంగా నిలబడింది.

బీడు పొలాన్ని చేపల చెరువు చేసుకోడానికి పర్మిషన్ ఇవాళో రేపో వస్తుందనగా, నాలుగు రోజుల కిందట ఆ దిక్కుమాలిన పిల్లిగద్ద అందులోనే చచ్చింది. ఎలుకలకి అతను మందు పెట్టాడు. మందు తిన్న ఎలుకని గద్ద తింది. చచ్చింది చచ్చినట్టుండక దాని వీపు మీద అగ్గిపెట్టెంత మెషినొకటి! గద్దెక్కడుందో ఫారెస్టు ఆఫీసువాళ్లకి చెప్పేస్తుందట. గద్దని గట్టు కింద పాతేశాడు. మెషిన్ని అస్సాం వెళ్లే చేపల లారీ టార్పాలిన్ తాడుకి కట్టేశాడు. ఈ సంగతి అతని భార్య కెజియాకి తప్ప ఎవరికీ తెలీదు.

జీపులోంచి ఒకమ్మాయి దిగి నమస్కారం పెట్టింది.

"నా పేరు దీవెనండీ. గద్దల మీద రీసెర్చి చేస్తున్నాను. మా గద్దొకటి ఇరవై రోజులు మీ పొలంలోనే ఉంది. చూశారాండీ?"

"లేదండీ! గద్దెలా ఉంటుందో కూడా తెలీదండీ!"

"ఈయన అసలు తలెత్తి పైకే చూడరండీ," అంది వెనక నిలబడ్డ కెజియా.

దీవెన నవ్వింది. "వెళ్లిపోయింది లెండి. మెషిన్ రోజుకోసారి చెబుతుంది. నిన్నటికి బెంగాల్ చేరిందండీ!"

విశ్వాసానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో అడిగేశాడు. "మరి నా చెరువు పర్మిషనండీ?"

"గద్దకి నచ్చిన చోటని అది ఆపేశారండీ. ఇకమీదట ఇక్కడ గడ్డిపరక కూడా కదపకూడదు."

"అదేంటండీ! చుట్టూ అందరూ తవ్వేసుకున్నారు. నా పొలమే దొరికిందా మీకు?"

అనేశాక అతనికి భయమేసింది. నిజం చెబితే జైలు. చెప్పకపోతే చెరువు లేదు. కెజియా వెనకనుంచి చెయ్యి గిల్లింది, నోరెత్తొద్దని.

దీవెన గట్టు దిగి, సరిగ్గా గద్దని పాతిన చోటే నిలబడింది. ఆమె కళ్లు చెమర్చాయి.

"తొమ్మిది గద్దలకి మెషిన్లు కట్టామండీ. ఎనిమిది చచ్చిపోయాయి. బతికి బయటపడింది మీ పొలంలో ఉన్న ఈ ఒక్కటేనండీ."