నెత్తి నీది, నువ్వే ఎంచుకో

కొండలెక్కేవాళ్ళు పెట్టుకునే పసుపురంగు ప్లాస్టిక్ హెల్మెట్లకి నల్లరంగు కొట్టించి, తూటాని ఆపే హెల్మెట్లని చెప్పి అమ్మెయ్యడం బావ పథకం. పథకం అంటే మరీ పెద్దమాట. రంగు ఆరడానికి పట్టినంతసేపు కూడా దాని గురించి ఆలోచించలేదు.

కొనబోయేది బ్యాంకులకి డబ్బు చేరవేసే కంపెనీ. పోయిన నెల వాళ్ళ వ్యాను మీద దొంగలు పడ్డారు. కాపలా ఉన్న గార్డే ముందు పిస్తోలు పేల్చాడు, అదీ చెయ్యి చాస్తే అందే దూరంలో ఉన్న దొంగ మీద. వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. తరవాత వాడు పేల్చాడు. గార్డు పడిపోయినవాడు మళ్ళీ లేవలేదు. పాపం, మంచివాడే గానీ గురి లేని మనిషి అని అందరూ అనుకున్నారు.

"వాళ్ళు పరీక్ష పెడితేనో, బావా?" అన్నాడు బావమరిది. బట్టలకొట్టు ఉద్యోగం మానేసి బావ వ్యాపారంలో చేరి వారం కూడా కాలేదు.

"పెట్టనీరా. పెట్టెలో అన్నిటికన్నా పైనున్నది అసలు సరుకే. ఎవడైనా పైదే తీస్తాడు."

కంపెనీ వెనక గోదాములో మేనేజరు, కొత్త గార్డు ఎదురుచూస్తున్నారు. పోయినాయన డ్యూటీ ఇప్పుడు ఇతనిది. ఆయన పిస్తోలు కూడా ఇతని నడుముకే ఉంది. రేపట్నించి వ్యానెక్కాలి.

"నెత్తి నీది, నువ్వే ఎంచుకో," అన్నాడు మేనేజరు.

గార్డు తలూపాడు. అందంగా ఉందని ఏదో ఒకటి పట్టుకురావద్దు, గట్టిగా ఉందో లేదో చూసుకో అని పెళ్ళాం పొద్దున్న మరీ మరీ చెప్పి పంపింది.

హెల్మెట్లు అమ్మడానికి కళ్ళజోడు పెట్టుకున్న ఇంకొకాయన కూడా వచ్చాడు. ఆయనకి నిజం చెప్పే జబ్బు.

"ఇది పిస్తోలు తూటాని ఆపుతుందండి. రైఫిలైతే ఆపదు. బరువెక్కువ, మెడ లాగుతుంది. లోపలి మెత్తలు తలకి సరిగ్గా అమరాలి. లేకపోతే తూటా దిగకపోయినా ఆ దెబ్బకే తల దిమ్మెక్కిపోతుంది."

"అమ్మడానికొచ్చావా, భయపెట్టడానికొచ్చావా?" అన్నాడు మేనేజరు.

"మాది దేన్నయినా ఆపుతుంది సార్," అన్నాడు బావ. "అసలు పెట్టుకున్నట్టే ఉండదు."

మేనేజరు అట్టపెట్టె దగ్గరికొచ్చి, పైదాన్ని ముట్టుకోకుండా చెయ్యి అడుగుదాకా పోనిచ్చి ఒకటి బయటికి లాగాడు. బావ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"గోడ దగ్గర పెట్టి కాల్చు," అన్నాడు మేనేజరు గార్డుతో. "పిస్తోలు మనదే, తూటాలు మనవే. ఎవరూ వంకలు పెట్టడానికి లేదు."

బావ కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"గోడకేమన్నా తలకాయుందా సార్? నా నెత్తిన పెట్టి కాల్చమనండి."

మేనేజరు కళ్ళజోడాయన వైపు తిరిగి, "నీదీ అలా పెట్టుకుంటావా?" అన్నాడు.

"పెట్టుకోనండి. ఎంత మంచి హెల్మెట్టయినా కావాలని తూటాకి తల అడ్డం పెడతామా?"

"అదీ సంగతి," అన్నాడు మేనేజరు.

బావమరిది బావ చొక్కా పట్టుకుని గుంజాడు. "బావా, నీకు పిచ్చిగానీ పట్టిందా? రేపు అక్కకి నేనేం చెప్పను?"

"రేపటిదాకా ఎందుకు? భోజనానికి వస్తున్నానని ఇప్పుడే చెప్పు."

బావ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. గార్డు పిస్తోలు తీసి గురిపెట్టాడు. కళ్ళు మూసుకోకురా నాయనా అని మేనేజరు కసిరాడు. పిస్తోలు పేలింది.

బావ తల కాస్త ఊగింది. హెల్మెట్ మీద రూపాయి బిళ్ళంత మేర నల్లరంగు లేచిపోయి పసుపు బయటపడింది.

"అది లోపలి పొర సార్," అన్నాడు బావ.

గార్డు పరుగెత్తుకొచ్చి ఆ హెల్మెట్టే తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు. పట్టీ బిగించుకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "ఇదే కావాలి సార్, ఇదే. నెల్లాళ్ళుగా భయంతో చస్తున్నాను. ఇవాళ మా ఆవిడ కంటినిండా నిద్రపోతుంది," అని బావ రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. అందరు గార్డులకీ ఇవే తెప్పిస్తానన్నాడు మేనేజరు.

కళ్ళజోడాయన తన హెల్మెట్ సంచిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

తిరిగి వస్తుంటే బండిలో బావమరిది బావ వైపు తిరిగాడు.

"ఏదో మన అదృష్టం బాగుండి అసలుది అడుక్కి జారి ఆయన చేతికొచ్చింది బావా."

"అసలుది పెట్టెలో పైనే ఉందిరా. ఆయన లాగింది మనం రంగేసినదే."

"మరి తూటా దిగలేదేం?"

బావ తాపీగా గేరు మార్చాడు.

"పోయినేడు వాళ్ళకి తూటాలమ్మింది కూడా నేనేరా!"