రోజూ చూసేవాడు

అంకె మళ్లీ ఒకటి పెరిగింది. చలపతిరావుకి అనుమానం ముదిరింది.

"మార్కుల కోసం కాదు, మీ వీధికి పనికొచ్చే వెబ్‌సైటు చెయ్యండి. రెడీమేడ్ పేజీలున్నాయి, మాటలు నింపితే చాలు" అని కాలేజీలో మనోరమ మేడమ్ చెప్పిందట. ఆయన కూతురు హర్షిత అల్వాల్ నెట్ సెంటర్లో కూర్చుని తమ మచ్చ బొల్లారం కాలనీ పేరున చేసేసింది. మంచినీళ్లు ఎప్పుడొస్తాయి, శామీర్‌పేట బస్సు ఎన్నింటికి, ఇంటికొచ్చి ఇంజెక్షన్ చేసే నర్సు ఎవరు, అన్నీ ఉన్నాయి. అడుగున ఒక అంకె. ఎవరు ఆ పేజీ తెరిచినా పెరుగుతుంది. పేజీ చేసిన తను తెరిచింది మాత్రం లెక్కలోకి రాదని హర్షితే చెప్పింది.

2004లో ఆ కాలనీలో ఏ ఇంట్లోనూ నెట్ లేదు. అయినా అంకె పెరుగుతోంది. రోజుకి ఒక్కటే.

"ఎవరో రోజూ చూస్తున్నారు నాన్నా" అని మురిసిపోయింది పిల్ల. ఆ ఒక్కరి కోసం కొత్త సంగతులు వెతికి వెతికి చేర్చింది.

మంచినీళ్ల వేళల మీద అంత మోజు ఎవరికుంటుంది? చలపతిరావు అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. పాలవాడు చిక్కటి పాలు పోస్తే, ఎందుకు పోశాడా అని ఆలోచించే మనిషి.

ఆయనకి తుర్కపల్లి ల్యాబులో ఉద్యోగం. పేజీ పెట్టిన నాటినుంచీ భోజనం కాగానే అక్కణ్నించే ఓ కన్నేసి ఉంచాడు. ఆదివారం అంకె కదలదని తేలింది. అంటే వాడు ఉద్యోగస్థుడే, ఆఫీసులో కూర్చుని చూస్తున్నాడు. తను జ్వరంతో ఇంట్లో పడుకున్న రోజు కూడా కదల్లేదు. ఆ రోజు పైవాటా కుర్రాడు నాగసాయి సెలవు పెట్టి, పలకరించే వంకతో బత్తాయిలు పట్టుకొచ్చాడు. వాడిదీ అదే ల్యాబు, అదే క్యాబు.

ఇంకేం కావాలి?

"ఆ పేజీ తీసెయ్. ఇక నెట్ సెంటర్ మొహం చూడొద్దు" అన్నాడు కూతురితో.

"నేనేం తప్పు చేశాను?" అంది హర్షిత. "ఒక్కరికైనా పనికొస్తోంది కదా నాన్నా."

"ఆ ఒక్కడి సంగతే తేలుస్తాను."

హర్షిత వెళ్లి పేజీ తీసేసి వచ్చింది. ఆ పూట అన్నం ముట్టలేదు. అయినా చలపతిరావు పట్టు వదల్లేదు.

మర్నాడు ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే రమేష్ గదిలోకెళ్లి తలుపేశాడు.

"మనవాళ్లలో ఈ పేజీ ఎవరు తెరుస్తున్నారో చూడు. సాక్ష్యంతో సహా మేనేజరు దగ్గర పెడతాను."

"జర ఆగుండ్రి సార్, సూస్త" అని రమేష్ వెతికాడు. దొరికాక చలపతిరావు వైపు తిరగకుండా, మెల్లగా అన్నాడు.

"మొత్తం ఆఫీసుల గీ పేజీ తెరిచే కంప్యూటర్ ఒక్కటే ఉంది సార్, రోజూ అన్నం తిన్నంక, గది మీ టేబుల్ మీదిదే."