మళ్ళీ చెప్పు

“ఆగు డారెల్. మైనస్ మూడుని మైనస్ అయిదుతో గుణిస్తే ప్లస్ పదిహేను ఎట్లా అయింది? రెండూ తక్కువలే కదా!” అంది లోర్నా.

ట్యూటర్ డారెల్ పెన్ను బల్ల మీద పడేశాడు.

“మిస్ లోర్నా, ఇది మొన్న మంగళవారమే చెప్పాను.”

“చెప్పావు. నా బుర్రకెక్కలేదు. మళ్ళీ చెప్పు.”

గుండ్రటి బల్ల చుట్టూ ఉన్న మిగతా అయిదుగురు విద్యార్థులూ కిసుక్కున నవ్వారు.

డారెల్ నిట్టూర్చి, ఈసారి ఆపిల్ పెట్టెలతో చెప్పాడు. గోడౌన్ నుంచి రోజుకి మూడు పెట్టెలు పోతున్నాయి. అయిదు రోజుల వెనక్కి వెళ్తే అక్కడ ఎన్ని ఎక్కువుండాలి?

“పదిహేను! ఓరి నీ, ఇదా సంగతి!” అంది లోర్నా.

అయిదుగురూ తలలు వంచుకుని గబగబా రాసుకున్నారు.

గుమ్మంలో నిలబడ్డ గ్యారెట్ చూసింది లోర్నాని మాత్రమే.

వాషింగ్టన్ రాష్ట్రంలో, ఆపిల్ తోటల మధ్య ఉన్న కమ్యూనిటీ కాలేజీ అది. అక్కడి ట్యూటరింగ్ సెంటర్‌ని బాగుచేయమని గ్యారెట్‌ని కొత్తగా తెచ్చారు. మంచివాడే. పొద్దున్న ఏడింటికే వచ్చి ఎవరు ఎంతసేపు కూర్చుంటున్నారో, ఏం అడుగుతున్నారో లెక్క తీసేవాడు.

ఆ లెక్కలో లోర్నా పేరే పైన ఉంది. డెబ్భై దాటిన మనిషి. పెద్దవాళ్లని మార్కుల్లేకుండా క్లాసులో కూర్చోనిచ్చే వెసులుబాటు మీద వస్తోంది. ఒకే ఆల్జీబ్రా క్లాసు, వరసగా మూడో టర్ము. ట్యూటర్ సమయంలో సగం ఆమెకే పోతోంది.

గ్యారెట్ బల్ల దగ్గరికొచ్చాడు.

“మేడమ్, ఏమీ అనుకోకండి. వచ్చే వారం నుంచి ట్యూటరింగ్ మార్కుల కోసం చదివేవాళ్లకే.”

“నేను ఒక పక్కన కూర్చుంటాను లెండి.”

“పక్కన చోటుండదు. ఈ బల్ల తీసేస్తున్నాం. ఎవరి గది వాళ్లకి, తలా ఇరవై నిమిషాలు. ఎవరి సందేహం వాళ్లే అడుగుతారు.”

“ఈ బల్ల మాత్రం తీయకండి.”

“ఎందుకని?”

లోర్నా ఏదో చెప్పబోయింది. చుట్టూ ఉన్న అయిదు మొహాలూ చూసింది. నోరు మూసుకుంది.

“మూడు టర్ములైంది మేడమ్,” అన్నాడు గ్యారెట్ మెత్తగా. “లెక్కలు అందరికీ వంటబట్టవు. లైబ్రరీలో అల్లికల క్లాసు ఉంది, చూడండి.”

ఎవరో నవ్వారు. లోర్నా కూడా నవ్వి, సంచీ సర్దుకుంది.

ఆ తర్వాత ఆమె రెండుసార్లు ఆయన గదికి వచ్చింది. రెండుసార్లూ ఆయన మీటింగులో ఉన్నాడు. మూడోసారి రాలేదు.

బల్ల పోయింది. చెక్క గోడలతో ఆరు చిన్న గదులు వచ్చాయి. అపాయింట్‌మెంట్లు ఫోన్‌లోనే. అంతా శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. పైవాళ్లు వచ్చి చూసి గ్యారెట్ భుజం తట్టి వెళ్లారు.

టర్ము చివర ఫలితాలు వచ్చాయి.

కిందటిసారి ఆల్జీబ్రాలో ఇరవైముగ్గురిలో పదిహేడుగురు గట్టెక్కారు. ఈసారి అంతమందిలోనూ ఎనిమిదిమందే.

మర్నాడు యెసేనియా చదువు మానేస్తున్నట్టు కాగితం పట్టుకొచ్చింది. ఆ బల్ల చుట్టూ కూర్చున్న అయిదుగురిలో ఒకతె. ఆపిల్ షెడ్డులో పొద్దుటి షిఫ్టు చేసి, చేతులు కడుక్కుని నేరుగా క్లాసుకి వచ్చేది. ఆల్జీబ్రా పాసైతే నర్సింగులో సీటు. ఆ సీటు ఇప్పుడు వేరొకరికి పోయింది.

“ఇన్ని గదులు కట్టించాను. ఒక్కసారి కూడా అపాయింట్‌మెంట్ తీసుకోలేదేం?” అన్నాడు గ్యారెట్.

“తీసుకుని ఏం అడగను సార్? ఇరవయ్యారేళ్లొచ్చాయి, ఇద్దరు పిల్లలు. మైనస్‌లు రావని ట్యూటర్ మొహం మీద ఎలా చెప్పను?”

“మరి ముందు ఎలా నేర్చుకున్నావు?”

“ముసలావిడ అడిగేది, మేం వినేవాళ్లం. మాకెక్కడ బోధపడదో సరిగ్గా అక్కడే ఆవిడకీ బోధపడేది కాదు. మాకంటే మొద్దు ఒకరున్నారులే అని ధైర్యంగా ఉండేది.” ఆమె సంతకం పెట్టి కాగితం ముందుకు తోసింది. “ఆవిడని ఉండనిస్తే మీ సొమ్మేం పోయేది?”

గ్యారెట్ కాగితం అందుకున్నాడు.

ఆమె వెళ్లాక లోర్నా నంబరు వెతికి ఫోన్ చేశాడు. కూతురు ఎత్తింది.

“అమ్మ మాట్లాడే స్థితిలో లేదండీ. మూడు వారాలైంది, పక్షవాతం. నోట మాట రావడం లేదు. ఇక రాదన్నారు డాక్టర్లు.”

గ్యారెట్ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

“అయ్యో... మీ అమ్మగారిని మళ్ళీ కాలేజీకి రమ్మందామని చేశాను. చాలా పట్టుదల ఆవిడకి. లెక్కలు రాకపోయినా రోజూ వచ్చేవారు.”



“ఎవరికి రాకపోయినా?” అంది కూతురు. “ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పింది సార్, మా అమ్మ.”