ఒక్కరు తక్కువ

సాయంత్రం ఐదు దాటితే ఇప్పలగుంపు వాగు మీద కల్వర్టు లేనట్టే.

మంజూరైన పని అది. మార్చి ముప్పై ఒకటిలోగా కౌన్సిల్ తీర్మానం చేయకపోతే మంజూరు వెనక్కి పోతుందని ఇంజినీరు ముందే చెప్పాడు. ఇవాళే ముప్పై ఒకటి.

పొద్దున్నే ఆ గూడెం గూడెమంతా మున్సిపల్ ఆఫీసు ముందు దిగింది. అందరికంటే ముందు మడకం ఆదెమ్మ. ఆమె కోడలు వనజకు ఐదో నెల. శ్రావణంలో కాన్పు. అప్పటికి వాగు నిండుగా పారుతుంటుంది. మొదటి కాన్పుకు వనజను మంచం మీద మోసుకొచ్చి, నీళ్ళు తగ్గేదాకా ఒడ్డునే ఉంచారు. అవతలి ఒడ్డున అంబులెన్సు నిలబడే ఉంది. ఇవతల బిడ్డ దక్కలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆదెమ్మకు ఇప్పటికీ ముద్ద దిగదు.

కౌన్సిల్లో పదకొండు మంది. ఆరుగురు కూర్చుంటే గానీ సమావేశం సాగదు. చైర్‌పర్సన్ భార్గవితో కలిపి అటు ఐదుగురు. బలరాంతో కలిపి ఇటు ఐదుగురు. వీళ్ళిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. గొడవ ఎక్కడ మొదలైందంటే, బస్టాండు శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలన్న దగ్గర. బస్టాండు ఇంకా కట్టనే లేదు. ఈ పంతంలో ఇప్పటికి మూడు సమావేశాలు కొట్టుకుపోయాయి.

ఆదెమ్మ వరండాలో భార్గవికి ఎదురెళ్ళింది.

"అమ్మా, నీ కాళ్ళు మొక్కుత. వాళ్ళను ఒక్కసారి పిలువు. నువ్వు ఒక మాట తగ్గితే ఏం బోయింది?"

"నేనేమన్నా తలుపుకు తాళమేసిన్నా అమ్మా? రమ్మను. వచ్చి కూసోమను."

బలరాం తన నలుగురితో రోడ్డు అవతల టీ హోటల్లో ఉన్నాడు. ఆదెమ్మ అక్కడికి పరుగెత్తింది.

"సారూ, ఎద్దులు ఎద్దులు కొట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు ఇరిగినట్టయితంది మా బతుకు. ఆమెను జరంత నమ్ముండ్రి. ఇయ్యాల ఒక్కరోజన్న కలిసి కూసోండ్రి."

"ఆమెను నమ్మాల్నా? మా వార్డుల లైట్లు పీకించిన మనిషిని? ముందుగాల తప్పు ఒప్పుకొమ్మను, అవ్వా." బలరాం గ్లాసు కింద పెట్టాడు. "అయినా మా ఎంబడి పడుతవేంది? తొమ్మిదో వార్డు మెంబరు ఎటూ లేదు గద. ఆ ఒక్కరొచ్చి లోపల కూసుంటే ఆరుగురయితరు. మేం అడ్డం రాం."

తిరిగి వస్తే భార్గవి కూడా అదే మాట చెప్పింది. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది.

మధ్యాహ్నం లోపల ఆదెమ్మ నాలుగుసార్లు రోడ్డు దాటింది. నాలుగుసార్లూ దండం పెట్టింది. నీ పేరేమిటని ఎవరూ అడగలేదు.

తొమ్మిదో వార్డంటే ఇప్పలగుంపే. అక్కడ ఎవరినడిగినా తమ మెంబరు శ్రీధర్ సారు అనే చెబుతారు. ఎన్నిక ఏకగ్రీవమైంది కాబట్టి ఓటేసే పని కూడా పడలేదు. జెండా ఎగరేసేది ఆయనే, తగువులు తీర్చేది ఆయనే. ఎటువైపు చేరితే కాంట్రాక్టు దక్కుతుందో తేల్చుకోలేక, మూడు రోజులుగా ఫోను ఆపేసి హైదరాబాదులో ఉన్నాడు.

"నీ సారు మనల్ని నిండ ముంచిండు," అంది పక్కింటి రామక్క.

"గట్లనకు. నాకు కొత్త చీర పెట్టి, కార్ల తీస్కొచ్చి, పెద్దసార్ల ముందట నిలబెట్టి, వాళ్ళు చెప్పమన్నది చెప్పించి పింఛన్ పెట్టించిండు. ఆయన ఏ కాగితం తెచ్చినా సూడకుంట ఏలుముద్ర ఏసిన. నమ్మినోళ్ళను ఇడిసిపెడతడా? వస్తడు."

నాలుగున్నరయింది. శ్రీధర్ రాలేదు.

ఆదెమ్మ హాలు గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అటెండరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మెంబర్లు కానోళ్ళు లోపటికి రావద్దు."

"రాను బిడ్డా. గీడికెల్లే మొక్కుత." గడప ఇవతలే కూలబడి గొంతెత్తి ఏడ్చింది. "పోయిన పిల్లను ఈ చేతులతోనే పాతిపెట్టిన. ఇంకోపాలి నాతోని కాదు. మీకు దండం పెడత, జల్దీ కూసోండ్రి."

ఆ ఏడుపు రోడ్డు అవతలికి వినిపించింది. బలరాం లేచి వరండా దాకా వచ్చాడు. లోపలి నుంచి భార్గవి కూడా లేచి గుమ్మం దాకా వచ్చింది. ఇద్దరి మధ్య నాలుగడుగుల దూరం, ఆ నాలుగడుగుల్లో ఆదెమ్మ. గూడెం జనమంతా దగ్గరికి జరిగారు.

"పిలిస్తే వస్తం," అన్నాడు బలరాం, గోడవైపు చూస్తూ.

"వచ్చేటోళ్ళను పిలుసుడు దేనికి?" అంది భార్గవి, ఇంకో గోడవైపు చూస్తూ.

ఎవరూ అడుగు వేయలేదు. హాల్లో గడియారం ఐదు కొట్టింది.

కమిషనర్ నిట్టూర్చి హాజరు పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. బలరాం వర్గం ఐదుగురి పేర్లకు ఎదురుగా గైర్హాజరు అని రాశాడు. కోరం లేక సమావేశం రద్దయిందని కింద రాయబోయి, ఇంకో పేరు మిగిలిందని గుర్తొచ్చి ఆగాడు.

తొమ్మిదో వార్డు, ఎస్టీ మహిళ స్థానం, ఏకగ్రీవంగా ఎన్నికైన సభ్యురాలు మడకం ఆదెమ్మ: ఆ పేరుకు ఎదురుగా కూడా గైర్హాజరు అని రాసి పుస్తకం మూసేశాడు.