మందువేర్లు దాచే చోటు

వానాకాలం జ్వరాలకు అక్కరకొస్తాయని చింతాలు అనే ముంగిస వేసవంతా మందువేర్లు తవ్వి పోగేసింది. తన బొరియలోకి నీళ్లొస్తాయి కనక వాటిని దాచమని అడగడానికి ఎలుగుబంటి గుహకు వెళ్లింది.

"ఊరికే దాస్తాను. పైగా ఏటా నాలుగు వేర్లు కలిపి ఇస్తాను," అంది ఎలుగు.

చింతాలు మూట దించబోతుండగా ఒక లేడి రొప్పుతూ వచ్చింది. "మామా, నా బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. నీ దగ్గర నేను దాచుకున్న వేర్లలో ఒకటి ఇవ్వు."

"ఇప్పుడు వేర్ల మీద మూసిన బండ కదిపితే తేమ తగిలి అన్నీ పాడవుతాయి. వానలు తగ్గాక రా."

"అందాకా అది బతకాలి కదా మామా."

ఎలుగు అటు తిరిగి పడుకుంది.

చింతాలు మూట ఎత్తుకుని లేడి వెంట పరుగెత్తింది. తన వేర్లలో ఒకటి అరగదీసి పిల్లకు పట్టించి, జ్వరం దిగేదాకా అక్కడే కూర్చుంది.

మర్నాడు మూటతో ముళ్లపంది దగ్గరికి వెళ్లింది.

"దాచినందుకు పది వేర్లకు ఒకటి నాకివ్వాలి. ముందే చెబుతున్నాను," అంది ముళ్లపంది.

చింతాలు ఒకే ఒక్క వేరు దాని చేతికిచ్చింది. అది లోపల దాచి వచ్చాక, "అక్కా, నా వేరు నాకిచ్చెయ్," అంది.

ముళ్లపంది ఎందుకని అడగలేదు. లోపలికెళ్లి తెచ్చిచ్చింది.

అప్పుడు చింతాలు మూట దించింది.